ఏడో మనిషి

అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పిన కోచింగ్ సెంటర్‌కు ఆయన ఇన్‌చార్జి. విశాఖ వైపు మనిషి. అంతకుముందు నేవీలో, చెయ్యి చాపితే సముద్రం అందేంత చిన్న గస్తీ బోట్ల మీద పనిచేశారు. లిఫ్టు ఎక్కితే చాలు, వేలు ఆడిస్తూ మనుషుల్ని లెక్కపెట్టేవారు. ఎప్పుడూ ఒకరు ఎక్కువే తేలేవారు.

ఒకరోజు ఆయన "నలుగురం" అంటే, ఆఫీసు ఆయమ్మ నవ్వింది.

"ముగ్గురమే ఉన్నం సార్, జర మల్ల లెక్కవెట్టుండ్రి."

ఆయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నం టీ తాగుతూ నాకు చెప్పారు.

"గాలివానలో వేటపడవ తిరగబడితే, జాలర్లను మా బోటులోకి లాగానండీ. ఒక్కొక్కరినీ నేనే చెయ్యి పట్టి ఎక్కించాను. ఏడుగురు. రేవులో దిగింది ఆరుగురు. వేటకెళ్ళిందీ ఆరుగురమేనన్నారు."

"మరి ఏడో ఆయన?"

"నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడండీ. ఇంకా వదల్లేదు."

తర్వాత వారం ఆయన సెలవు పెట్టి ఆ జాలర్ల ఊరికి వెళ్ళారు. తిరిగొచ్చాక లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. "ఇద్దరం" అన్నారు. ఆయన లెక్క సరిపోవడం అదే మొదటిసారి. ఏం జరిగిందని అడిగాను.

"అంతకు ముందేడు అదే చోట ఒకతను మునిగిపోయాడట, శవం దొరకలేదట. వాళ్ళమ్మ ఉందంటే, చూసొద్దామని వెళ్ళి తలుపు కొట్టాను."

ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు.

"ఆవిడ తలుపు తీసి, నా పక్కకి కూడా చూసి, 'గుమ్మంలో నిలబడ్డారేం, ఇద్దరూ లోపలికి రండి' అందండీ."