వినయానికి హంసపాదు

2015 ఆగస్టులో నేను సికింద్రాబాద్‌లోని ఒక చిన్న ప్రెస్సులో సీనియర్ ప్రూఫ్ రీడర్‌ని. మాది విజయనగరం. మా ఇంట్లో చర్చికి వెళ్ళేవారెవరూ లేరు. అయినా ప్రెస్సుకు వచ్చే పనిలో సగం చర్చి పుస్తకాలే కాబట్టి, ప్రవక్తల పేర్లు నాకు మేనమామల పేర్లంత అలవాటు.

ఆ నెల నాకు అప్పగించింది అల్వాల్ పాస్టరు యోహాను గారి పుస్తకం. అందరూ ఆయన్ని అయ్యగారు అనేవారు. హీబ్రూ, గ్రీకు చదివినవారు. యూదుల, క్రైస్తవుల గ్రంథాల్లో వినయం అంటే ఏమిటన్నది విషయం. ఆయన రాసింది ఆ ఒక్క పుస్తకమే. ఆదివారం జరిగే పదవీ విరమణ సభలో దాన్ని పంచాలి. సంఘ కమిటీకీ ఆయనకూ పడేది కాదు. తన మాట వాళ్ళు వినరని ఆయన, అసలు ఆయనకే వినయం లేదని వాళ్ళు. అలాంటి మనిషి వినయం మీద రాశాడంటే ఎక్కడ దొరుకుతాడా అని వాళ్ళంతా కాచుకుని ఉన్నారు.

మొదటి ప్రూఫ్‌లోనే మాకు వాదన వచ్చింది. ఆయన పుస్తకమంతా 'దీనత్వం' అని రాశారు. చర్చి బయట ఆ మాటకు దిక్కులేనితనం అనే అర్థమని నేను మార్జిన్‌లో రాశాను. ఆయన ఊరుకోలేదు. భూమ్మీద అందరికన్నా వినయం గలవాడని మోషేను అన్నచోట ఉన్న హీబ్రూ మాట 'అనావ్' అనీ, వంగడం, అణగడం దాని దగ్గరి అర్థాలనీ చెప్పారు. అయితే మన 'అణకువ' లాంటిదే కదా అని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పోలిక కాకతాళీయమేనని ఆయన ఒప్పుకున్నారు గానీ, ఆయనకూ నవ్వు ఆగలేదు. గ్రీకులో వినయానికి వాడే మాటకు మొదట 'తక్కువవాడు' అనే అర్థమట, చిన్నచూపుతో అనే మాటట. "తిట్టును పట్టుకొచ్చి మా క్రైస్తవులు గుణం చేసిండ్రమ్మా" అన్నారు. చివరికి ఇద్దరం ఒప్పుకుని, పుస్తకం పేరు 'వినయం' అని ఖాయం చేశాం.

మూడో ప్రూఫ్ మీద నేను సంతకం పెట్టాక ఎవరూ అక్షరం ముట్టకూడదు. అది నియమం. బుధవారం సంతకం పెట్టాను. గురువారం అయ్యగారు నాకు చెప్పకుండా మేనేజర్ యాదగిరికి ఫోన్ చేసి, కవర్ మీద తన పేరు చిన్నది చేసి, 'వినయం' అన్న మాట బాగా పెద్దది చేయమన్నారు. పెంచిన అక్షరాలు పట్టక ఆపరేటర్ వాటిని విడదీసి మళ్ళీ దగ్గరికి సర్దాడు. ఆ సర్దుడులో 'య' కాస్తా కింద ఉన్న నీళ్ళ పళ్ళెం బొమ్మ వెనక్కి జారిపోయింది.

శనివారం పొద్దున యాదగిరి, "మేడమ్, జెర ఇటు రారి" అని పిలిచాడు. మూడు వందల ప్రతులు, అన్నీ బైండింగ్ అయిపోయినవే. కవర్ మీద అరచెయ్యంత అక్షరాల్లో 'వినం'. దాని కింద చిన్నగా 'యూదు, క్రైస్తవ గ్రంథాల్లో'.

"కమిటోళ్ళు సూస్తే పండుగ చేస్కుంటరు మేడమ్. అయ్యగారు సూస్తే నన్ను పాతిపెడ్తడు" అన్నాడు. భయపడుతూనే నవ్వాడు. నేను గంభీరంగా ఉండాలనుకున్నాను. కుదరలేదు.

కబురందుకుని అయ్యగారు వచ్చారు. కవర్ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పైకి చదివారు: "వినం!" ఆ తర్వాత కాగితాల కట్ట మీద కూలబడి, భుజాలు ఎగిరిపడేలా నవ్వారు.

"ఏందమ్మా గిది! నా సర్వీసంతా ఒక్క మాటల అచ్చేసినవ్!"

"నేను కాదండి. సంతకం అయ్యాక ఫోన్ చేసింది మీరు."

"వినయం పెద్దగ కావాల్నని అడిగితె, ఉన్నది సుత పాయె!"

ఎడారిలో మోషేకు జనం చెప్పింది కూడా ఈ ఒక్క మాటేనన్నారు. సొంత అక్కా అన్నా ఎదురు తిరిగిన సందర్భంలోనే మోషేకు ఆ 'అనావ్' అన్న పేరు వచ్చిందట. మోషే తనను తాను వెనకేసుకురాలేదు. అక్కకు జబ్బు చేస్తే, బాగు చేయమని దేవుణ్ణి బతిమాలాడు.

మళ్ళీ అచ్చు వేయడానికి వ్యవధి లేదు. స్టిక్కర్ అంటిద్దామన్నాడు యాదగిరి. అయ్యగారు వద్దన్నారు. అక్షరం జారితే మీ పనిలో ఎలా దిద్దుతారని నన్ను అడిగారు. జారినచోట కింద హంసపాదు గీసి, అక్షరం పైన రాస్తామని గీసి చూపించాను.

"పాదమా?" ఆయన ముఖం వెలిగిపోయింది. క్రీస్తు పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల పాదాలు కడిగిన ఘట్టమే ఆ పుస్తకంలో రెండో భాగమంతా. "గురువు పాదాలు కడిగిండు. నేను పాదాలన్న గీస్త. తే ఎర్ర పెన్ను!"

లామినేషన్ మీద పెన్ను సాగదు, మార్కర్ ఇచ్చాను. ఆయన గీసిన మొదటి కట్టను తిప్పి పంపాను.

"అయ్యగారూ, ఇది హంస కాదు, కోడి."

"పాస్టర్‌ను గిట్ల గదమాయిస్తరా?"

"తుడిచి మళ్ళీ గీయండి."

తుడిచి మళ్ళీ గీశారు. సాయంత్రానికి పని ముగిసింది.

ఆదివారం సభలో ఆయన పుస్తకం ఎత్తి చూపి, తప్పు తనదేనని చెప్పారు. కమిటీ కార్యదర్శి ముందు వరసలో నుంచి, "ఇంత పెద్ద వినయమా అయ్యగారూ!" అని అంటించాడు. "పెద్దదే. నాకు పట్టకనే అక్షరం పడిపోయింది" అన్నారు ఆయన. హాలంతా ఘొల్లుమంది. ప్రతి కోసం ముందు చెయ్యి చాపింది ఆ కార్యదర్శే.

ఆ వారం నుంచి లామినేషన్‌కు ముందు కవర్ నమూనా మీద కూడా నా సంతకం ఉండాలన్న నియమం పెట్టించాను. వినయం విషయానికొస్తే, ఆ గ్రంథాలు చెప్పే వినయం తన్ను తాను చిన్నగా చెప్పుకోవడం కాదని నాకు అర్థమైంది. తప్పు చూపిస్తే చూడడం, కూర్చుని దిద్దడం, దిద్దిన గుర్తును దాచకపోవడం. ప్రూఫ్ రీడర్‌కు ఈ నిర్వచనం చాలు.