ఆ గుమ్మం తొక్కొద్దన్నారు

కృపావతిని ఎవరైనా "పాపం, అమాయకురాలు" అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఏం చేస్తే ఏమవుతుందో ముందే తెలిసి చేసిన మనిషిని పట్టుకుని అమాయకురాలంటారేమిటి? నాకు నోటిదురుసని మా ఆయన అంటారు. అననీ. ఆవిడ విషయంలో మాత్రం నేను ఊరుకోను.

డెబ్బై నాలుగులో మా ఆయనకి పోర్టులో ఉద్యోగమై కాకినాడ నుంచి విశాఖపట్నం వచ్చాం. నాకు ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెప్పే పని దొరికింది. కృపావతి అక్కడే చిన్న తరగతులకి టీచరు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ గంజిపెట్టిన నూలుచీరలో ఉండేది. పొద్దున్న ప్రార్థనలో పాట ఎత్తుకునేది ఆవిడే. భర్త దేవకుమార్ పోర్టులో క్రేన్ ఆపరేటరు. మంచివాడేనని అందరూ అనేవారు. అనేవాళ్ళకేం పోయింది! తాగి ఇంటికొచ్చాక ఆ మంచితనం ఎలా ఉండేదో, పొడుగు చేతుల జాకెట్టు కింద కమిలిపోయిన ఆవిడ భుజాలు చూసిన నాకు తెలుసు.

డెబ్బై ఎనిమిది వానాకాలంలో ఒక సాయంత్రం కొట్టి బయటికి తోసి తలుపేసుకున్నాడు. ఆరేళ్ళ కూతురు ప్రేమలీల లోపలే ఉండిపోయింది. కృపావతి తడిసి ముద్దయి మా ఇంటికొచ్చింది. మర్నాడు పిల్లని తెచ్చుకుందామని వెళితే "నువ్వు కావాలంటే వచ్చి పడుండు, పిల్ల మాత్రం గడప దాటదు" అన్నాడట. మా పక్క వాటా ఖాళీగా ఉంటే అందులో దిగింది.

ప్లీడరు శ్రీరామ్మూర్తి గారి దగ్గరికి తోడు నేనే వెళ్ళాను.

"విడాకులంటే మీ క్రైస్తవుల చట్టంలో ఆడవాళ్ళకి చాలా కష్టమమ్మా," అన్నారాయన. "కొట్టాడంటే సరిపోదు. ఇంకో ఆడదానితో ఉన్నాడని కూడా రుజువు చెయ్యాలి."

"అలాటిదేటీ లేదండి. తాగుతాడు, కొడతాడు, అంతే."

అంతేనట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"అయితే విడిగా ఉండడానికి కోర్టు ఆర్డరు అడుగుదాం. పెళ్ళి అలాగే ఉంటుంది, కాపురం చెయ్యక్కర్లేదు. పిల్లని ఇప్పించమని కూడా ఆ పిటిషన్లోనే అడుగుదాం."

"పెళ్ళి ఉంటే ఉండనీండి. నాకు పిల్ల కావాలి."

"అలాగైతే ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. కేసు తేలేదాకా ఆ ఇంటి గుమ్మం తొక్కొద్దు. నాలుగు రాత్రులు అక్కడ ఉన్నావంటే, అతన్ని క్షమించి కాపురానికి వెళ్ళావంటారు. ఇన్నాళ్ళ దెబ్బలూ మాఫీ అయిపోతాయి."

మెట్లు దిగుతూ అదే మాట నేనూ చెప్పాను. తలూపింది.

ఇక వాయిదా మీద వాయిదా. దేవకుమార్ పిల్లని వేరే బడికి మార్చేశాడు. ఆదివారం చర్చిలో, మేనత్త విజయరత్నం పక్కన కూర్చున్న కూతుర్ని దూరం నుంచి చూసుకుని వచ్చేది కృపావతి. దగ్గరికి వెళ్ళబోతే మేనత్త పిల్లని లాక్కుని పోయేది. ఆ ఆదివారం కోసమే వారమంతా బతికేది.

సాక్ష్యాలు ఇంకా మొదలవకముందే ఒక ఉదయం పాల చిట్టమ్మ వచ్చింది. దేవకుమార్ ఉండే క్వార్టర్లలో కూడా పాలు పోసేది తనే.

"టీచరమ్మా, మీ పాపకి అమ్మోరు పోసింది. ఒళ్ళంతా పొక్కులే. తన పిల్లలకి అంటుకుంటాదని మేనత్త అటు తొంగైనా సూడ్డం లేదు. నాయన బయట గొళ్ళెం ఎట్టి డూటీకి ఎలిపోతన్నాడు. లోపల్నించి అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు."

కృపావతి సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నీకేమైనా మతి పోయిందా? ప్లీడరు గారేం చెప్పారు?"

"గుర్తుందక్కా."

"పగలెళ్ళి చూసుకో. చీకటి పడేసరికి వచ్చెయ్."

"రాత్రే కదక్కా గోక్కుంటాది. నిద్దట్లో ఎవరు సూత్తారు?"

నన్ను మెల్లగా పక్కకి తప్పించి వెళ్ళిపోయింది.

పిల్లకి తగ్గి నీళ్ళు పోసేదాకా అక్కడే ఉంది. చిన్న చేతులకి మెత్తటి గుడ్డలు చుట్టి, దురద పుట్టినప్పుడల్లా వేపరెమ్మతో రాస్తూ కూర్చునేదని చిట్టమ్మ చెప్పేది. అన్ని రోజులూ దేవకుమార్ తాగలేదు, చెయ్యెత్తలేదు. "ఇంక ఉండిపో" అన్నాడట కూడా. కృపావతి నమ్మలేదు. పిల్ల మేలుకుని ఉంటే కాలు కదలదని, అది నిద్రపోతుండగా వచ్చేసింది. వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

కోర్టులో బైబిలు మీద ప్రమాణం చేయించారు. దేవకుమార్ తరఫు ప్లీడరు తాపీగా అడిగాడు.

"ఆ ఇంట్లో గదులెన్ని?"

"ఒకటే గది, ఓ వంటిల్లు."

"నీ భర్తకి వండి పెట్టావా?"

"పెట్టానండి."

"బట్టలు ఉతికావా?"

"పిల్ల బట్టల్తో పాటు ఉతికానండి."

"రాత్రులు ఎక్కడ పడుకున్నావు?"

"పిల్ల పక్కన, సాప మీద."

"అది చూసినవాళ్ళున్నారా?"

ఎవరుంటారు, ఆ గదిలో?

బయటికి రాగానే నేను మండిపడ్డాను. "వాడికి అన్నమెందుకు పెట్టావే తల్లీ!"

"పొద్దంతా క్రేనెక్కి ఆకలితో వచ్చినోడి ముందు నానూ పిల్లా ఎలా తింటామక్కా?"

భార్య క్షమించి తిరిగి కాపురం చేసిందని పిటిషను కొట్టేశారు. పిల్ల సంగతీ దాంతోపాటే పోయింది.

శ్రీరామ్మూర్తి గారు పిల్ల కోసం విడిగా ఇంకో పిటిషను వేశారు. అది విచారణకి వచ్చేసరికి ఎనభై ఒకటి. ప్రేమలీలకి తొమ్మిదేళ్ళు. జడ్జిగారు తన గదిలోకి పిలిపించి, ఎవరి దగ్గరుంటావని అడిగారు. మేము వరండాలో నిలబడ్డాం. కృపావతి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది.

కాసేపటికి శ్రీరామ్మూర్తి గారు వచ్చారు. ఆమె ముఖంలోకి చూడలేక నాతో చెప్పారు.

"పిల్ల, అమ్మ వద్దందమ్మా. 'నాకు జ్వరమొచ్చినప్పుడు అమ్మొచ్చింది. నాకు తగ్గిపోగానే నేను పడుకుంటే ఎలిపోయింది. మళ్ళీ ఎలిపోద్ది. నాన్నయితే ఎల్లడు' అంది. జడ్జిగారు ఇంకేమీ అడగలేదు."

ఇంతలో విజయరత్నం పిల్ల చెయ్యి పట్టుకుని మా ముందు నుంచే తీసుకెళ్ళింది. ప్రేమలీల ఒక్క క్షణం ఆగి తల్లివైపు చూసింది. అత్త లాగితే వెళ్ళిపోయింది.

నాకు దుఃఖం ఆగలేదు, కోపం అంతకంటే ఆగలేదు. "ఆ రోజు నా మాట విని వెళ్ళకుండా ఉంటే ఈపాటికి అది నీ ఒళ్ళో ఉండేది కదే!" అని అందరూ వినేలా అరిచాను.

కృపావతి మెట్లు దిగిపోతున్న కూతురి వైపే చూస్తోంది.

"ముకం మీద ఒక్క మచ్చ కూడా పడలేదక్కా," అంది. "సూసావా?"