తీసుకునేవాళ్ళు ఇవ్వకూడదట

ఇప్పుడు దాన్ని ఫుడ్ బ్యాంకు అంటున్నారు. గోడకి ఆకుపచ్చ బోర్డు కూడా తగిలించారు. మేం మొదలుపెట్టినప్పుడు దానికి పేరే లేదు, బియ్యం గది అనేవాళ్ళం.

మా బాప్టిస్టు ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తీసుకెళతారు. శృంగవరపుకోటలో మా అమ్మ అలాగే చేసేది, టీచరు ఉద్యోగానికి ఈ సముద్రపు ఊరొచ్చాక నేనూ చేశాను. కరోనా వచ్చిన ఏడాది పనులన్నీ ఆగిపోయి చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదు. అప్పుడు ఆ పిడికిళ్ళన్నీ ఒక డ్రమ్ములో పోసి, సండే స్కూలు వెనక గదిలో పెట్టాం. సాలూరులో లారీ నడిపే మా సంఘస్థుడొకడు ఇటు వచ్చినప్పుడల్లా ఒక బస్తా దించిపోయేవాడు.

మాలో పెద్దావిడ, ఆసుపత్రిలో ఆయాగా చేసినావిడ, ఒక్కటే షరతు పెట్టింది. ఎవరైనా సరే సంచి పట్టుకుని ఒక్కరే లోపలికెళ్ళాలి, తలుపేసుకోవాలి, వెనక గుమ్మంలోంచి బయటికెళ్ళిపోవాలి.

"లోపల ఏటి సేసారో దేవుడు సూసుకుంతాడు, మీరు సూడకండి," అంది.

ఎవరు వేశారో, ఎవరు తీశారో తెలిసేది కాదు. ఎక్కువ తీసుకుపోయినవాళ్ళు లేరా అంటే ఉండే ఉంటారు. డ్రమ్ము అడుగు కనిపించిన రోజులూ ఉన్నాయి. కోటా బియ్యం, సన్నబియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసిపోయి, వండితే కొన్ని మెతుకులు పలుకు, కొన్ని ముద్ద. మా గుడి పాటల బృందంలాగే ఉందని నవ్వుకునేవాళ్ళం. ఆ అన్నం తినే ఎంతోమంది ఆ ఏడు గట్టెక్కారు.

ఒడ్డున ఉండే పల్లెవాళ్ళావిడ ఒకామె ఆ గదికి వచ్చేది. గంపలో చేపలమ్ముకునే మనిషి. మా ఆరాధనకి ఎప్పుడూ రాలేదు, ఆమె దేవతలు ఆమెకున్నారు. ఏటా గవర్నమెంటు వేట ఆపేసే రెండు నెలలూ పడవలు ఇసక మీదే ఉండేవి, అప్పుడు బియ్యం తీసుకెళ్ళేదాన్నని తనే నాకు చెప్పింది. వేట మొదలయ్యాక తెచ్చి వేసేది. అది మాత్రం చెప్పక్కర్లేదు, గది తలుపు తీస్తే ఎండు నెత్తళ్ళ వాసన గుప్పుమనేది. బియ్యంతోపాటు ఒక పొట్లాం అక్కడ పెట్టి వెళ్ళేది మరి.

పెద్దావిడ పోయాక ఒక కమిటీ వచ్చింది. ఆఫీసరుగా రిటైరైన పెద్దమనిషి దానికి అధ్యక్షుడు. "ఇంత గుడ్డిగా నడిపితే ఎలాగండీ?" అన్నాడు. వెనక గుమ్మానికి తాళం పడింది. తీసుకునేవాళ్ళకి నీలం కార్డులు, వాటికి నంబర్లు. ఇచ్చేవాళ్ళకి గోడ మీద నల్లబోర్డు, దాని మీద పేర్లు. డ్రమ్ము తీసేసి ప్లాస్టిక్ ప్యాకెట్లు పేర్చారు. నా దస్తూరీ బాగుంటుందని సండే స్కూలు హాల్లో బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. కూర్చున్నాను. సిగ్గులేకుండా ఆ కార్డులన్నీ నేనే రాశాను, ఆ చేపలామెదీ.

ఆ ఏడు వేట మొదలైన వారానికే ఆమె వచ్చింది. చేతిలో బియ్యం సంచి, పైన నెత్తళ్ళ పొట్లాం. అధ్యక్షుడు కార్డు అడిగాడు. చూపించింది.

"ఇది తీసుకునేవాళ్ళ కార్డమ్మా. కార్డున్నవాళ్ళు ఇవ్వకూడదు. ఇచ్చే స్తోమతుంటే కార్డెందుకు నీకు? ఆ చేపలు ముందు బయట పెట్టు, హాలంతా వాసన."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పమ్మా. నానేటి, ఎప్పుడూ అడుక్కుతినీదాన్నేనా?"

నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఆమె సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు వేట ఆగింది. వారాలు గడిచినా నా రిజిస్టరులో ఆమె కార్డు నంబరు పక్కన ఒక్క టిక్కు పడలేదు. "చూశారా, అవసరం లేనివాళ్ళు ఎలా తేలిపోయారో!" అని అధ్యక్షుడు సంబరపడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక ప్యాకెట్టు సంచిలో వేసుకుని ఒడ్డుకి నడిచాను.

పొయ్యి మీద చోడి అంబలి ఉంది, రాగిపిండి కంటే నీళ్ళే ఎక్కువ. ఆమె మెడ ఎముకలు బయటపడ్డాయి. ప్యాకెట్టు చూసి మొహం తిప్పుకుంది.

"నా బియ్యం మీకు పనికిరానప్పుడు మీ బియ్యం నాకెందుకమ్మా? అట్టుకుపో."

"ఆ రోజు నేను నోరు విప్పాల్సింది. తప్పు నాది," అన్నాను.

ఆమె ప్యాకెట్టు అందుకుని పంటితో చింపింది. ఒక పిడికెడు బియ్యం తీసి పాత కాగితంలో పొట్లాం కట్టి నా చేతిలో పెట్టింది.

"ఇది అక్కడ వేసీ. నన్నెలాగూ వెయ్యనీరు గదా. ఇప్పుడు ఈ మిగిల్నవి వండుకుంతాను."

ఆదివారం ఆ పొట్లాం తీసుకెళ్ళి అధ్యక్షుడి ముందు బల్ల మీద విప్పాను. ఆయన దానికేసి, నాకేసి చూశాడు.

"ఇంతేనా? సరే, ఎవరిచ్చారు? బోర్డు మీద పేరెక్కించాలి."

కార్డు నంబరు చెప్పాను. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. కార్డున్నవాళ్ళు దాతలెలా అవుతారని అడిగాడు. ఆకలితో ఉండి పెట్టినామె దాత కాకపోతే, నిండిన డబ్బాలోంచి పిడికెడు తీసే నేనేం దాతనని గట్టిగానే అడిగాను. హాల్లో అందరూ ఇటు తిరిగారు.

నా దస్తూరీ బాగుంటుందనే కదా కూర్చోబెట్టారు. ఆయన చేతిలో సుద్దముక్క లాక్కుని, దాతల వరుసలో అన్నిటికంటే పైన, ఆ నంబరు నేనే రాశాను.