చిన్న అసౌకర్యం

మాది నగరి. ఇంట్లో నాలుగు మరమగ్గాలు ఆడుతుంటే పక్క మనిషికి మాట వినపడాలన్నా అరవాల్సిందే. తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరిన కొత్తలో నేను మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టే ఉండేది. నా మొదటి ఈమెయిలూ అలాగే వెళ్ళింది. ఇంటర్నల్ మార్కులు తక్కువ పడ్డాయని ఒక సారుకు మూడు ముక్కల్లో రాశాను: మార్కులు ఎందుకు తగ్గాయి, పేపరు చూపించండి, త్వరగా జవాబివ్వండి. మరునాడు ఆయన దాన్ని క్లాసులో చదివి, "ఇది స్టూడెంటు రాసిందా, కలెక్టరు రాసిందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాను.

ఆ అవమానమే నాకు మెయిళ్ళు రాయడం నేర్పింది. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టడం, కష్టాన్ని తగ్గించి చెప్పడం, అడగాల్సింది చివర్లో, అదీ 'వీలైతే' అంటూ అడగడం. ఆరు నెలలు తిరిగేసరికి హాస్టల్లో ఎవరికి సెలవు కావాలన్నా, రికార్డు ఇవ్వడానికి గడువు కావాలన్నా నా గదికే వచ్చేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది.

నా రూమ్మేటుది పాకాల దగ్గర పల్లె. వాళ్ళ నాయన రైలు పట్టాల మీద పనిచేస్తారు. తనకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. రెండో సెమిస్టరులో ల్యాబులో పొగను బయటికి లాగే ఫ్యాన్లు రెండూ ఆగిపోయాయి. యాసిడ్ ఆవిరి గదిలోనే తిరిగేది. మాకు కళ్ళు మండేవి. తనకు ఊపిరే అందేది కాదు.

ఒక సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి మంచం మీద కూలబడింది. "మే, హెచ్‌ఓడీ సారుకు మెయిలు రాసియ్యి. ఆడ గాలి ఆడల్యా. గుండెల మింద ఎవురో కూసున్నెట్ల ఉండాది. ఫ్యాన్లు బాగుసేసేదాకా రాలేనని రాయి."

"అట్ల రాస్తే బాగుండదు మే. సారుకు కోపమొస్తాది."

"సచ్చిపోతానేమోనని బయంగా ఉండాది. అదన్నా రాయి."

"నువ్వు గమ్మునుండు. నేను రాస్తా గదా."

ఇంగ్లీషులో చాలా అందంగా రాశాను. ల్యాబులో గాలి విషయంలో ఎదురవుతున్న చిన్న అసౌకర్యాన్ని మీ దృష్టికి తేవడానికి సాహసిస్తున్నాను, తమకు వీలున్నప్పుడు పరిశీలించగలరు, అని. ఉబ్బసం మాట సొంత గొడవలా ఉంటుందని తీసేశాను. తను చదివి, "ఇందులో నేను యాడుండాను?" అంది. అయినా ఇలాంటివి నాకే బాగా తెలుసనుకుని తన మెయిల్లోంచి పంపేసింది. రెండు రోజులకు ఒక్క మాట జవాబు వచ్చింది: 'నోటెడ్'. పని అయినట్టేనని నేను సంబరపడ్డాను.

తర్వాతి వారం ప్రాక్టికల్ మధ్యలో తను నా పక్కనే పడిపోయింది. పెదాలు నీలంగా మారాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు.

వాళ్ళ నాయన డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. వరండాలో నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగారు.

"నువ్వే మెయిలు రాసిచ్చినావంట గదా. ఏం రాస్తివి మా? నాకు ఇంగ్లీసు రాదు. తెలుగులో సెప్పు."

ఫోను తీసి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. 'చిన్న అసౌకర్యం' దగ్గరికి వచ్చాక మాట మార్చాను. 'చిన్న ఇబ్బంది' అన్నాను.

"సిన్న ఇబ్బందా?" ఆయన నా ముఖంలోకి చూశారు. "ఊపిరాడల్యేదని యాడా రాయలేదా?"

"లేదు నాయనా."

"మరి వాళ్ళకెట్ల తెలుస్తాది మా?"

ఆయన గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

మరునాడు పొద్దున్నే నా పేరుతోనే ఇంకో మెయిలు రాశాను. ఫ్యాన్లు పనిచేయడం లేదు. నా స్నేహితురాలికి ఉబ్బసం. ఊపిరాడక ఆసుపత్రిలో ఉంది. బాగుచేసేదాకా మేమెవరమూ ల్యాబుకు రాము. క్లాసులో పదకొండు మంది తమ పేర్లూ చేర్చమన్నారు. మధ్యాహ్నానికి హెచ్‌ఓడీ పిలిపించారు.

"పెద్దవాళ్ళకు రాసే పద్ధతి ఇదేనా?"

"పద్ధతిగా రాసింది మీకు ముందే వచ్చింది సార్. ఈ నెల్లోనే." అన్నాను.

ఆయన కంప్యూటరు వైపు తిరిగి చాలాసేపు వెతికారు. దొరికినట్టుంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నన్ను వెళ్ళమన్నారు. నాలుగు రోజుల్లో ఫ్యాన్లు తిరిగాయి.

తను మాత్రం తిరిగి రాలేదు. ల్యాబు చదువే వద్దన్నారు డాక్టర్లు. చిత్తూరులో బీఈడీ చేసి, ఇప్పుడు అక్కడే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. పోయిన నెల ఫోన్లో, ఇన్నాళ్ళూ అడగలేకపోయింది అడిగేశాను.

"నా మింద కోపమా మే?"

"నీ మింద ల్యా. అది సదివి, ఇందులో నేను లేనని తెలిసి కూడా పంపినాను సూడు. అది తలుసుకుంటే నా మింద నాకే కోపం."

నువ్వలా అనుకోకూడదని చెప్పబోయాను. అంతలో గంట కొట్టారని, క్లాసుకు పోవాలని ఫోను పెట్టేసింది.