లేని రూలు

"చాప్టర్‌కి ఒక్కరే మాట్లాడాలంట యాదగిరీ. రూల్ మార్చారు."

ఈ మాట నేను ఒక హోటల్ రెండో అంతస్తులో, సమావేశం హాలు తలుపు బయట, కాఫీ కప్పు చేతిలో పట్టుకొని అన్నాను. అలాంటి రూలేదీ లేదు. ఎవరూ ఏదీ మార్చలేదు. చాలా ఏళ్ళుగా ఈ ఒక్క వాక్యం నా మీద ఉంది. ఎవరైనా నన్ను నిజాయితీ గల మనిషి అన్నప్పుడల్లా దాని బరువు కొత్తగా తెలుస్తుంది.

యాదగిరి నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు.

"గట్లనా? నిన్న చెప్పలేదేంది మరి?"

"ఆర్గనైజర్ ఇప్పుడే చెప్పింది."

"అయితే నువ్వే మాట్లాడు మేడమ్. నీ ఇంగ్లిష్ జోర్‌దార్ ఉంటది." మెడకున్న టై పట్టుకొని చూపించాడు. "పొద్దుగాల లేచి, వీడియో చూసి కట్టిన దీన్ని. స్లైడ్లు తిప్పెటోనికి టై ఎందుకు చెప్పు?"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వునీ లెక్కలో వేసుకోవాలి.

"జర నిమ్మళంగ చెప్పు, ఉరకకు" అని లోపలికి వెళ్ళి లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాడు.

మీకు మొదటి నుంచి చెప్పాలి. ఇప్పుడు నేను చేసే పని పత్రికకి వార్తలు రాయడం. జరిగినదాన్ని వరసలో చెప్పడం తెలుసు. నా గురించి అలా చెప్పుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

అప్పట్లో మేమిద్దరం ఇల్లినాయ్‌లో అకౌంటింగ్ మాస్టర్స్ చదువుతున్నాం. మంచి మార్కులున్న అకౌంటింగ్ విద్యార్థుల్ని చేర్చుకునే ఒక జాతీయ సంఘం ఉండేది. మా యూనివర్సిటీలో ఉన్న దాని శాఖని చాప్టర్ అనేవాళ్ళం. నేను ఆ చాప్టర్ ప్రెసిడెంట్‌ని. ఏడాదికోసారి జరిగే సమావేశంలో కొన్ని చాప్టర్ల విద్యార్థులు స్టేజ్ ఎక్కి, తమ దగ్గర ఏ ప్రయత్నం ఫలించిందో మిగతావాళ్ళకి చెబుతారు. వినేవాళ్ళలో విద్యార్థులు, ప్రొఫెసర్లతో పాటు, వెనక వరసల్లో ఆడిట్ కంపెనీల రిక్రూటర్లు కూడా ఉంటారు. వాళ్ళ కళ్ళలో పడడానికే చాలామంది వస్తారు. నాకు అప్పటికే అమెరికా సిటిజన్‌షిప్ ఉంది. యాదగిరి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడు. వీసా స్పాన్సర్ చేసే ఆడిట్ కంపెనీ దొరక్కపోతే అతను కోరుకున్న వృత్తి ఇక్కడ అక్కడితో ఆగిపోతుంది. ఆ స్టేజ్ మీద కొద్ది నిమిషాలంటే అతనికి అర్థం అది. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

పైగా మేం చెప్పబోయేది పూర్తిగా అతని ఆలోచన. వరంగల్‌లో ఒక ఆడిటర్ దగ్గర పనిచేసి వచ్చాడు. మొదటి అకౌంటింగ్ కోర్సులో తప్పుతున్న పిల్లలకి మా చాప్టర్ తరఫున పాఠాలు చెప్పేవాడు. ముందుగా వాళ్ళ చేత పుస్తకం మూయించేవాడు. టేబుల్ మీద బిస్కెట్ ప్యాకెట్లు, పెన్నులు పరిచి ఒక కొట్టు పెట్టించేవాడు. ఒకరు ఓనరు, ఒకరు బ్యాంకు, ఒకరు టోకున సరుకిచ్చే సేటు. వస్తువు చేతులు మారినప్పుడల్లా ఎవరికి ఏం వచ్చిందో, ఎవరి దగ్గర్నుంచి ఏం పోయిందో గట్టిగా అరిచి చెప్పాలి. డెబిట్, క్రెడిట్ అన్న మాటలు అన్నిటికంటే చివర వచ్చేవి. ఆ గదిలోంచి వచ్చే గోలకి పక్క క్లాసువాళ్ళు తొంగిచూసేవాళ్ళు.

మరెందుకు చేశాను?

చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది. సమావేశానికి ముందు మా చాప్టర్ సభ్యుల ఎదుట రిహార్సల్ చేశాం. యాదగిరి మొదలుపెట్టగానే ముందు వరసలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఒకరినొకరు చూసుకొని పెదవులు బిగబట్టారు. అతని ఇంగ్లిష్ యాసకి. ఆ చూపు నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ళ వయసులో గుంటూరు నుంచి ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్ వచ్చి, క్లాసులో లేచి పాఠం చదివినప్పుడు నా మీదా అదే చూపు పడింది. ఆ వేసవంతా అద్దం ముందు నిలబడి నా నోట్లోంచి గుంటూరుని తోమి తోమి పారేశాను. అతన్ని ఆ చూపు నుంచి కాపాడాలనుకున్నాను, అంతే. ఇలా చెప్పుకున్నాను.

ఇందులో ఒక వాస్తవం వదిలేశాను. ఇంకెవరైనా తమ వార్తలో ఇలా వదిలేస్తే ఇట్టే పట్టుకునేదాన్ని. ఆ ఇద్దరూ నవ్వాపుకున్నది మొదట్లోనే. కాసేపటికి అబ్బాయి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అమ్మాయి చెయ్యెత్తి ప్రశ్న అడిగింది. నా వంతు వచ్చేసరికి ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

అయితే అది కాపాడడమేనా? పక్కన నిలబడితే నన్నూ అతన్నీ ఒకే గాటన కడతారన్న సిగ్గా? నాకంటే అతని మాటే జనానికి పడుతుందన్న భయమా? రెండూ ఉన్నాయనుకుంటాను. ఏది ఎంతో విడదీయలేను. విడదీయగలిగితే మాత్రం చేసింది తగ్గుతుందా?

సెషన్ బాగానే సాగింది. చివర్లో ఒక ప్రొఫెసర్ లేచి, బెరుకుతో నోరే విప్పని విద్యార్థి వస్తే ఏం చేస్తారని అడిగారు. నాకు తెలియదు. అలాంటి పిల్లలంతా యాదగిరి దగ్గరికే వెళ్ళేవాళ్ళు. అతను కుర్చీలోంచి సగం లేచి, చెప్పనా అన్నట్టు నా వైపు చూశాడు. టైమ్ అయిపోయిందని నేను మైక్‌లో అన్నాను. అయిపోలేదు. అతను కూర్చున్నాడు. మొదటి అబద్ధాన్ని తొందరపాటని సర్దుకోవచ్చు. దీన్ని ఏమనాలి?

స్టేజ్ దిగగానే ఒక రిక్రూటర్ వచ్చి, ఆ టేబుల్ కొట్టు ఆలోచన ఎవరిదని అడిగింది. మా టీమ్‌దని చెప్పాను. ఆమె కంపెనీలోనే నాకు ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళు చేసి, వదిలేసి, పత్రికలో చేరాను. యాదగిరిని అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. చివరికి ఒక కన్సల్టెన్సీ ద్వారా టెక్సస్‌లో పేరోల్ సాఫ్ట్‌వేర్ పనిలో పడ్డాడు. వీసా దొరికింది. ఆడిట్ పోయింది.

మేం స్నేహితులుగానే ఉన్నాం. నన్ను ఎక్కువ కోసేది ఇదే. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో వాళ్ళింటికి వెళ్తే అతని భార్య లావణ్య నన్ను అక్కా అంటుంది. వాళ్ళ పాప ఆంటీ అంటూ కారు దాకా పరిగెత్తుకొస్తుంది. ఎవరు భోజనానికి వచ్చినా యాదగిరి చెప్పే కథ ఒకటుంది. రూల్ అడ్డం పడి, తను స్టేజ్ ఎక్కకుండా బతికిపోయాడట. "ఎక్కినుంటె ఇజ్జత్ పోతుండె" అని అందరినీ నవ్విస్తాడు. మొదట్లో అది జోకే. ఎప్పుడో, నేను చూడని ఒక రోజున, అతను దాన్ని నమ్మేశాడు. ఆఫీసులో తను చేసిన పనిని కూడా మీటింగుల్లో ఇంకొకరితో చెప్పిస్తాడట. "ఈనకు నలుగుర్ల మాట్లాడుడు రాదక్కా" అంది లావణ్య, ఓసారి వంటగదిలో. నేను గిన్నె తుడుస్తూ విన్నాను. అతనికి వచ్చని అనలేదు.

ఈ మధ్య అతని కంపెనీలో కొత్తగా చేరేవాళ్ళకి పని నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఆ ఉద్యోగం తీసుకోమని మేనేజర్ అతన్ని అడిగాడు. యాదగిరి నాకు ఫోన్ చేశాడు.

"నువ్వు జూసినవ్ గద మేడమ్ నన్ను. నాతోని అయితదా?"

ఈసారి అతను నవ్వలేదు. ఆఫీసులో ఉన్నానని, మళ్ళీ చేస్తానని నేనన్నాను.

అవుతుంది అని ఒక్క మాట అంటే చాలదు. మర్యాదకి అన్నాననుకుంటాడు. ఎందుకవుతుందో చెప్పాలంటే రిహార్సల్‌లో కుర్చీ ముందుకు లాక్కున్న ఆ అబ్బాయి గురించి చెప్పాలి. అది చెబితే, మరి నన్నెందుకు ఆపినవ్ అని అడుగుతాడు. అడక్కుండా ఊరుకుంటాడేమోనన్నది ఇంకా పెద్ద భయం. ఆ ఇంట్లో నా చోటు పోతుంది. పోవడమే న్యాయమేమో.

ముందు అతనికి చెప్పాల్సింది మీకు చెప్పాను. వరస తప్పిందని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఇన్నేళ్ళకి ఆ వాక్యం నాలోంచి బయటికి వచ్చింది. కొంచెం ఊపిరాడుతోంది. ఆడడం కూడా తప్పేనేమో అనిపిస్తూనే ఆడుతోంది.

మేనేజర్‌కి అతను సోమవారం జవాబివ్వాలి. నేనింకా ఫోన్ చేయలేదు.