గోదావరిఖనిలో కాకినాడ ఉక్క

"ఒరేయ్, తిరుగు టిక్కెట్లు కూడా తీసుకుని వెంటనే బయల్దేరు. పిల్లనీ పసివాణ్ణీ మనింటికి తెచ్చేసుకుందాం. ఈ నిప్పుల కుంపట్లో ఇంకా ఉంచితే నాకు దక్కరు."

గోదావరిఖని నుంచి మా అక్క ఫోను. మేనకోడలు సుధకి కొడుకు పుట్టి నెల కాలేదు. అల్లుడు శ్రీకాంత్ ఆ ఊరివాడే, బొగ్గు గనిలో ఉద్యోగం. పురుడు తన దగ్గరే జరగాలని బతిమాలి ఒప్పించుకున్నాడు. తీరా మే నెల వచ్చింది. పిల్లవాడికి ఒళ్ళంతా చెమటకాయలు, పాలు సరిగా తాగడు, కునుకు తీయడు. మా అక్క ఒకసారి కాకినాడ తెచ్చిందంటే వానలు పడి గోదావరిఖని చల్లబడేదాకా పంపదు. అప్పటిదాకా ఆ తండ్రికి కొడుకంటే ఫోన్లో బొమ్మే.

వెళ్ళే పని అలాంటిదైనా, నిజం చెప్పొద్దూ, నాకు లోపల ఒకటే సంబరం. నేను హైస్కూలు సైన్సు మాస్టారిని. ఏటా పిల్లలకు రెండు థర్మామీటర్లు పక్కపక్కన కట్టి, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి చూపిస్తాను. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని బల్బు నుంచే లాక్కుంటుంది కాబట్టి తడిది తక్కువ చూపిస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే తేడా అంత పెద్దది. మాదేమో సముద్రం పక్క ఊరు. గాలి అప్పటికే కడుపునిండా నీళ్ళు తాగి ఉంటుంది. మూడు డిగ్రీల తేడా వస్తే గొప్ప. "ఇంతేనా మాస్టారూ?" అని పిల్లలు పెదవి విరుస్తారు. ఈ ప్రయోగం గోదావరిఖని పక్కనే ఉన్న రామగుండం ఎండలో చెయ్యాలన్నది నా చిరకాల కోరిక!

సామర్లకోటలో పొద్దున ఏడున్నరకు బండి. కావాలనే స్లీపరు తీసుకున్నాను, కిటికీ తెరిచి ఉండాలిగా. థర్మామీటర్లను పురికొసతో కిటికీ ఊచకు కట్టేశాను. పొడిది ముప్పై ఒకటి, తడిది ఇరవై ఎనిమిది. రాజమండ్రిలో ఇడ్లీ తిన్నాను. విజయవాడలో పెరుగన్నం పొట్లం విప్పేసరికి ముప్పై తొమ్మిది, ఇరవై తొమ్మిది. ఖమ్మం దాటాక మొహానికి పొయ్యి సెగలాంటి గాలి. వరంగల్‌లో చూస్తే పొడిది నలభై మూడు, తడిది ఇరవై అయిదు! "పద్దెనిమిది!" అని పైకే అరిచేశాను.

ఎదుటి సీట్లో ఒక గని కార్మికుడు, సెలవు ముగించుకుని డ్యూటీకి పోతున్నాడు, ఉలిక్కిపడి లేచాడు. "ఏంది సారూ, జ్వరం ఎవలికి?"

"గాలికి," అన్నాను.

"మా దిక్కు గాలికి జ్వరం గాదు సారూ, పూనకమే వస్తది," అని మళ్ళీ పడుకున్నాడు. ఈ దారిన మే నెలలో వచ్చేవాళ్ళకు ఒక్క మాట: కిటికీకి తడి తువ్వాలు కట్టుకోండి, ఆ చల్లదనం మాటల్లో చెప్పలేను.

నాలుగు గంటలకు రామగుండం. ఎండకు ప్లాట్‌ఫారం కళ్ళు చెదిరేలా ఉంది. మొదటి షిఫ్టు దిగి శ్రీకాంత్ మోటారుసైకిలు మీద వచ్చి నన్నెక్కించుకున్నాడు. థర్మల్ స్టేషను పొగగొట్టాలు దాటాం. తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"బాబును తీస్కపోతరా కాకా?"

"ఎల్లుండి పొద్దుటికి టిక్కెట్లు తెమ్మంది మీ అత్తగారు."

"బిడ్డకు మంచిగుంటే చాలు. తీస్కపోండ్రి," అన్నాడు. బండి మాత్రం మెల్లగా నడిపాడు.

కార్మికుల క్వార్టర్ల వీధిలో ప్రతి ఇంటికీ కిటికీలోంచి ఒక కూలరు వీపు బయటపెట్టి ఉంది. మావాళ్ళ ఇంటికి లేదు. లోపలికి అడుగుపెట్టగానే ఎందుకో తెలిసింది. బాలింతకు గాలి సోకకూడదని అక్క కిటికీలు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి, కూలరును గది మధ్యలోకి లాక్కుని తిప్పుతోంది. సుధ చెవుల్లో దూది, నుదుటి మీద ధారలు. ఒళ్ళో పిల్లవాడు గొంతు పోయేలా ఏడుస్తున్నాడు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఈ ఉక్క నాకు చిన్నప్పటి నుంచీ పరిచయం!

సంచిలోంచి థర్మామీటర్లు తీశాను. ముప్పై అయిదు, ముప్పై మూడు. "అక్కా, ఇది గోదావరిఖని కాదే! కాకినాడని గదిలో పెట్టి తలుపేశావు!"

కూలరు చేసే పని నా తడిగుడ్డ చేసేదే. బయటి పొడిగాలి తడిగడ్డిలోంచి వస్తే నీరు ఆవిరవుతుంది, గాలి చల్లబడుతుంది. గది మూసేస్తే అదే గాలి మళ్ళీ మళ్ళీ నీళ్ళు తాగి, ఇక తాగలేక ఊరుకుంటుంది. అప్పుడు కూలరు గడ్డీ ఆరదు, పిల్లవాడి చెమటా ఆరదు.

పక్కింటి ఎల్లవ్వ గడపలోంచి అందుకుంది. "నేను చెప్తనే ఉన్న సారూ, కిడికీ తెర్వుండ్రని. అక్క ఇనదాయె."

"బయట నలభై నాలుగు!" అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కిటికీ తెరిచి పసికందుని వేయించమంటారా?"

ఆ భయం ఉత్తిదేం కాదు. అందుకే ఒక బేరం పెట్టాను. తల్లీబిడ్డలు కాసేపు ముందుగదిలో ఉంటారు, మంచం మీద పిల్లవాడికి బదులు థర్మామీటర్లు పడుకుంటాయి. శ్రీకాంత్, నేనూ కూలరు వీపును కిటికీలోకి తోశాం. ఎదుటి తలుపు ఓరగా తీశాం. గాలి సూటిగా తగలకుండా మంచం మూలకి జరిపాం. అరగంటకి అందరం లోపలికి తొంగి చూశాం. ముప్పై, ఇరవై ఆరు. "గీ పుల్లలు మంచిగనే చెప్తున్నయి," అంది ఎల్లవ్వ. అక్క అంకెలు చూడలేదు. మంచం మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది, తర్వాత సుధని పిలిచింది. చెవుల్లో దూది మాత్రం తియ్యనివ్వలేదు. పిల్లవాడు ఆ సాయంత్రం కడుపారా పాలు తాగాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అసలు పరీక్ష. బయట కాకి కూడా లేదు. గదిలో పసివాడు గుప్పిళ్ళు విప్పి నిద్రపోతున్నాడు. పక్కన కుర్చీలో అక్క తల వాల్చి గుర్రు పెడుతోంది. పాపం, ఎన్ని రోజుల నిద్రో. లేచాక నా మొహం చూడకుండానే అంది, "టిక్కెట్ల సంగతి అల్లుడికి నువ్వే చెప్పు."

డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చినవాడితో చెప్పాను. "బాబూ, రేపు స్టేషన్లో నన్నొక్కణ్ణే దింపాలి."

"నిజమా కాకా?" అన్నాడు. కొడుకుని ఎత్తుకోబోయి ఆగి, పెరట్లోకి పోయి మోచేతులదాకా సబ్బుతో కడిగాడు. వచ్చి, చేతులు చూసుకుని, మళ్ళీ వెళ్ళి కడిగాడు. సుధ నవ్వుతోంది, ఏడుస్తోంది.

మర్నాడు పొద్దున బండెక్కాను. సంబరంలో మిగతా రెండు టిక్కెట్లు రద్దు చేయించడం మరిచిపోయాను. జమ్మికుంట దాటాక టీసీ వచ్చి ఖాళీ సీట్లు చూపించాడు.

"మీతో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళుండాలి కదండీ?"

"రారండి. పిల్లవాడు నాన్న దగ్గర నిద్రపోతున్నాడు."

ఆయనకు ఏమర్థమైందో, తల ఊపి, నిలబడి ఉన్న ఇద్దరిని అక్కడ కూర్చోబెట్టాడు. నేను కిటికీలోంచి ఆ తెల్లటి ఎండని తనివితీరా చూశాను. దాన్ని అన్ని రోజులూ అనవసరంగా తిట్టాం. ఎండ ఆ ఊరిదే కానీ, ఉక్క మాత్రం మేం తలుపులు బిగించుకుని చేసుకున్నదే.