పళ్లెంలో లోయ

గల్ఫ్‌లో, లుసైల్ కట్టడాల సైటులో మాతో పనిచేసిన సైబీరియా సర్వేయరు అన్నం తినే ముందు చెంచాతో కొండలు కట్టేవాడు. ఎడమవైపు ఒక వరుస, కుడివైపు ఒక వరుస, నడుమ లోయ. కొండలన్నీ తినేసి, లోయలో ఒక్క ముద్ద వదిలి లేచేవాడు.

మా జగిత్యాల వైపు పళ్లెంలో అన్నం వదిలితే తిట్లు తప్పవు. రోజూ అది చూసి చూసి నాకు ఒళ్లు మండింది. అన్నం ఎందుకు పారేస్తున్నావని, సైటులో అతనూ నేర్చుకున్న వచ్చీరాని హిందీలో అడిగేశాను.

అతను పళ్లెం నా ముందుకు జరిపి, కొండలు ఉండిన చోట్లు చెంచాతో చూపించాడు. "యే వెర్ఖోయాన్‌స్క్ పహాడ్. యే చెర్‌స్కీ పహాడ్," అన్నాడు. చలికాలంలో చల్లగాలి బరువెక్కి కొండల మీంచి లోయలోకి జారుతుందట. బయటికి పోయే దారి లేక అక్కడే కూర్చుంటుందట. అందుకే కొండ మీది కంటే కింద ఊళ్లోనే చలి ఎక్కువట. చివరికి ఆ ముద్దను చూపించి, "మేరా ఘర్," అన్నాడు.

వడ్డిస్తున్న మా నిజామాబాద్ అన్న గరిటె ఆపి, "సొంత ఇల్లు ఎట్ల తింటడు తియ్యి," అన్నాడు. మళ్లీ ఎవరమూ అడగలేదు.

కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయే రోజు కూడా అతను మాతోనే తిన్నాడు. కొండలు అయిపోయాక లోయలోని ముద్దనూ తీసి నోట్లో పెట్టుకున్నాడు. నేను తెల్లబోయి చూస్తుంటే నవ్వాడు.

"అబ్ ఘర్ జాతా హూఁ," అన్నాడు.

ఇన్నాళ్లూ నేను చూడాలనుకున్న ఖాళీ పళ్లెం అదే. దాన్ని చూడలేక, నా అన్నం సగంలో ఉండగానే చెయ్యి కడుక్కోవడానికి లేచాను.